పెట్ట పని పెట్టె చేస్తుందా?
ఇంట్లో గుడ్లు పొదిగించేవారు గమనించవలసిన సంగతులు

నాటుకోళ్లు పెంచే ఇళ్లలో గుడ్లు పొదిగే పెట్టెలు ఇప్పుడు కనిపిస్తున్నాయి. చిన్నవి, పెద్దవి రకరకాల ఇంక్యుబేటర్లు బజారులో దొరుకుతున్నాయి. చేతిపని తెలిసినవారు ఒక పెట్టెలో రెండు బల్బులు, ఒక చిన్న ఫ్యాను, వేడిని అదుపు చేసే పరికరం బిగించి సొంతంగానే తయారు చేసుకుంటున్నారు. అయితే ఎంతో ఆశతో తెచ్చి, రెండు మూడుసార్లు గుడ్లు పాడుచేసుకొని, చివరికి అటక ఎక్కించిన పెట్టెలూ ఉన్నాయి.

మా ఇంట్లోనూ మొదటిసారి అదే జరిగింది. మే నెలలో 30 గుడ్లు పెట్టాము. 21 రోజులు గడిచాక నాలుగే పిల్లలు వచ్చాయి. మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే చాలావాటిలో పిల్ల ఈకలతో సహా తయారై, లోపలే చచ్చిపోయి ఉంది. అన్ని రోజులు కాపాడిన ప్రాణం చివరి రోజున పోయిందన్నమాట. అదే నెలలో పక్క ఇంట్లో ఒక పెట్ట గంపలో 12 గుడ్లు పొదిగి, 10 పిల్లలను వెంటేసుకొని దొడ్లో తిరిగింది. పెట్టకు తెలిసినది ఏమిటి, మేము చేయనిది ఏమిటి అని ఆలోచిస్తే గాని అసలు సంగతి బోధపడలేదు. యంత్రం వేడి మాత్రమే ఇస్తుంది. పెట్ట చేసే మిగతా పనులన్నీ మనమే చేయాలి.

పెట్ట చేసే పనులు

పొదుగుకు కూర్చున్న పెట్టను ఒక రోజంతా గమనించండి. గుడ్లకు తన ఒంటి వేడి ఇస్తుంది. ముక్కుతో, కాళ్లతో రోజుకు చాలాసార్లు గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తుంది. మేతకు, నీళ్లకు కాసేపు లేచిపోతుంది. అప్పుడు గుడ్లు కొద్దిగా చల్లబడినా వాటికేమీ కాదు. గంపలో, ఈకల మాటున తేమ నిలుస్తుంది. చివరి రోజుల్లో గుడ్లలో పిల్లలు కీచుమంటే తానూ బదులిస్తుంది, గూడు విడిచి పోదు. పిల్లలు వచ్చాక రెక్కల కింద దాచి, మేత ఏరడం నేర్పుతుంది, గద్ద నీడ పడితే కేక వేస్తుంది. జీతం లేకుండా ఇంత పని మరెవ్వరూ చేయరు.

మరి యంత్రం ఎందుకు?

నాటుపెట్ట ఒక దఫాలో సుమారు 12 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, ఆ తరువాత రెండు మూడు నెలలు పిల్లలతో తిరుగుతుంది. అన్నాళ్లూ గుడ్లు పెట్టదు. అందువల్లనే ఏడాదికి మూడు నాలుగు దఫాలు మించవు. గుడ్లు తీసి యంత్రంలో పెడితే పెట్ట కొద్ది వారాలకే మళ్లీ గుడ్లకు వస్తుంది. పిల్లలన్నీ ఒకే ఈడువి కావడం వల్ల టీకాలు వేయడం, అమ్ముకోవడం సులువు.

గుడ్లు పొదిగించే విద్య కొత్తదేమీ కాదు. ఈజిప్టులో రెండు వేల ఏళ్లకు పూర్వమే మట్టి ఇటుకల గదుల్లో పిడకల నిప్పుతో గుడ్లు పొదిగించారు. థర్మామీటరు లేని ఆ రోజుల్లో పనివాళ్లు గుడ్డును కంటిరెప్పకు ఆనించి వేడి తెలుసుకొనేవారు. గుడ్లు పిల్లలయ్యేవరకు వారి మకాం కూడా అక్కడే. అంటే యంత్రం పెట్టినా మనిషి కాపలా తప్పలేదు.

గుడ్లు ఏరుకోవడం

బజారులో అమ్మే ఫారం గుడ్లు పొదగవు. ఆ కోళ్ల మధ్య పుంజు ఉండదు. 8 నుంచి 10 పెట్టలకు ఒక చురుకైన పుంజు ఉన్న మంద నుంచే గుడ్లు తీసుకోవాలి. మరీ చిన్నవి, మరీ పెద్దవి, వంకరవి, చిట్లినవి పక్కన పెట్టాలి. గుడ్లను కడగరాదు. పెంకుపైన ఉండే సన్నని పొర పోతే సూక్ష్మక్రిములు లోపలికి చేరుతాయి. మట్టి అంటితే పొడి గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలు.

గుడ్లు ఏడు రోజులకు మించి నిలవ ఉంచరాదు. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులే. గుడ్డుకు 20 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడి తగిలితే లోపల పిండం కొంచెం కొంచెం కదలడం మొదలవుతుంది. మన ఇళ్లలో వేసవి వేడికి అది సగం పెరిగి, యంత్రంలోకి చేరకముందే చచ్చిపోతుంది. వెడల్పు మూతి కుండను తడి ఇసుకలో సగం దాకా పాతి, అందులో పొడి గుడ్డ పరచి, సన్నని కొన కిందికి ఉండేలా గుడ్లు పెడితే చల్లగా ఉంటాయి.

ఇంకొక మాట. వనరాజా, గ్రామప్రియ కోళ్లు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంచాలకాలయం తయారు చేసిన సంకర రకాలు. వాటి గుడ్లను ఇంట్లో పొదిగిస్తే పిల్లలు వస్తాయి గాని తల్లికున్న గుణాలన్నీ పిల్లలకు రావు. ఆ రకాలు కావలసినవారు పిల్లలనే తెచ్చుకోవడం మంచిది. ఇంటి యంత్రం అసిల్ వంటి మన నాటు రకాలకే తగినది.

వేడిలో పొరపాటు పనికిరాదు

ఫ్యాను ఉన్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే ఫారన్‌హీటులో 99.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాను లేని పెట్టెలో వేడి పైకి చేరుతుంది కనుక గుడ్ల పైభాగం ఎత్తులో థర్మామీటరు ఉంచి, 38.3 నుంచి 38.9 డిగ్రీలు (101 నుంచి 102 ఫారన్‌హీటు) చూసుకోవాలి. యంత్రం మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మరాదు. ఒక మంచి థర్మామీటరు లోపల ఉంచి రెండూ సరిపోతున్నాయా అని పోల్చాలి. గుడ్లు పెట్టడానికి ముందు ఒక రోజంతా ఖాళీ యంత్రాన్ని నడిపి, వేడి నిలకడగా ఉందని తేలాకనే గుడ్లు పెట్టాలి.

వేడి కాస్త తగ్గితే పిల్లలు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. వేడి ఎక్కువైతే తొందరగా వచ్చినా బొడ్డు మానక నీరసంగా ఉంటాయి. బాగా పెరిగితే కొద్ది గంటల్లోనే పిండాలు చచ్చిపోతాయి. చలి కన్నా వేడే ప్రమాదం.

మేము మే నెలలో దెబ్బ తిన్నది ముందు ఇక్కడే. యంత్రానికి బల్బు ఆర్పడం తెలుసు గాని పెట్టెను చల్లబరచడం తెలియదు. రోహిణి కార్తె ఎండలకు రేకుల కింది గది 42, 43 డిగ్రీలకు చేరితే బల్బు ఆరిపోయినా లోపలి వేడి తగ్గదు. కాబట్టి మన ప్రాంతంలో పొదిగించడానికి అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. యంత్రాన్ని ఎండ, ఈదురుగాలి తగలని మట్టి గోడల గదిలోనో, పెంకుటింట్లోనో ఉంచాలి.

సొంతంగా పెట్టె చేసుకొనేవారు పాతకాలపు వేడి బల్బులే వాడాలి. ఎల్.ఇ.డి. బల్బు వెలుతురే ఇస్తుంది గాని గుడ్లకు చాలినంత వేడి ఇవ్వదు. థర్మోకోల్‌కు బల్బు ఆనితే నిప్పు అంటుకొంటుంది. నీళ్ల పళ్లెం పక్కనే కరెంటు తీగలుంటాయి కనుక అతుకులు పైకి తేలకుండా చూడాలి. గుడ్లు ముట్టుకొనే ముందు స్విచ్చి ఆపాలి.

తేమ, గాలి

గుడ్డు పెంకుకు కంటికి కనిపించని వేలాది రంధ్రాలు ఉంటాయి. లోపలి పిల్ల వాటిలోంచే గాలి పీలుస్తుంది, లోపలి నీరు కొంచెం కొంచెం ఆవిరవుతుంది. ఆ నీరు ఎక్కువ పోయినా, తక్కువ పోయినా పిల్లకు కష్టమే. మొదటి 18 రోజులు తేమ 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. తేమ చూపే చిన్న మీటర్లు దొరుకుతాయి. తేమ చాలకపోతే నీళ్ల లోతు పెంచి లాభం లేదు. వెడల్పయిన పళ్లెం పెట్టాలి, లేదా పళ్లెంలో తడి గుడ్డ వేయాలి. పోసే నీళ్లు గోరువెచ్చగా ఉండాలి.

వేడి పోతుందని పెట్టెకున్న గాలి రంధ్రాలను కొందరు మూసేస్తుంటారు. అది పొరపాటు. చివరి రోజుల్లో పిల్లలకు గాలి ఇంకా ఎక్కువ కావాలి.

గుడ్లు తిప్పడం

గుడ్డు కదలకుండా ఒకేవైపు ఉంటే పిండం పెంకు లోపలి పొరకు అంటుకుపోతుంది. అందుకే పెట్ట గుడ్లను దొర్లిస్తుంది. యంత్రమే తిప్పేదైతే సరే. లేకపోతే గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో గీత, మరోవైపు సున్నా గుర్తు పెట్టుకొని రోజుకు మూడు లేక అయిదుసార్లు తిప్పాలి. ఈ లెక్క బేసి అయితే ఒక రాత్రి పైకున్న వైపు మరునాటి రాత్రి కిందికి వస్తుంది. 18వ రోజు తరువాత తిప్పరాదు. గుడ్లు పెట్టిన రోజును లెక్కలోకి తీసుకోకుండా, మరునాడు అదే వేళకు ఒక రోజు అని లెక్కించాలి.

ఏడవ రోజు రాత్రి చీకటి గదిలో టార్చిలైటు గుడ్డు వెడల్పు కొనకు ఆనించి చూడాలి. జీవమున్న గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యన నల్లని చుక్క కనిపిస్తాయి. ఏమీ లేక తేటగా ఉంటే అది వట్టి గుడ్డు. నెత్తుటి వలయం మాత్రమే కనిపిస్తే పిండం చచ్చిపోయిందని గుర్తు. ఇటువంటివి తీసివేయాలి. లేకుంటే మురిగి, పగిలి, మిగతా గుడ్లను పాడు చేస్తాయి.

కరెంటు పోతే

కంగారు పడి మూత తీయవద్దు. పెట్ట మేతకు లేచినప్పుడు కూడా గుడ్లు చల్లబడతాయి కదా. గంట, గంటన్నర పోతే పెద్ద నష్టం లేదు. అంతకు మించేటట్లుంటే వేడినీళ్లు పోసిన సీసాలను గుడ్డ చుట్టి, గుడ్లకు ఆనకుండా లోపల ఉంచి, గాలి రంధ్రాలు మూసుకుపోకుండా పెట్టె చుట్టూ బొంత కప్పాలి. తరచు కరెంటు పోయే ఊళ్లలో ఇన్వర్టరు లేకుండా పెద్ద యంత్రం జోలికి పోకపోవడమే మేలు.

చివరి మూడు రోజులు

మా రెండో పొరపాటు ఇక్కడ జరిగింది. గుడ్డు చిట్లగానే ఇంటిల్లిపాదీ గుమిగూడి గంటకోసారి మూత తీసి చూశాము. తీసినప్పుడల్లా లోపలి తేమ పోయింది. పెంకు లోపలి పొర ఎండి తోలులా బిగిసి, పిల్లలు దాన్ని చీల్చుకోలేక చచ్చిపోయాయి. మొదటి చిట్లు కనిపించాక పిల్ల బయటపడడానికి 12 నుంచి 24 గంటలు పట్టవచ్చు. ఆ సమయంలో లోపలి నెత్తురు, మిగిలిన పచ్చసొన పిల్ల ఒంట్లోకి చేరుతాయి. జాలిపడి పెంకు వలిస్తే నెత్తురు కారి చచ్చిపోతుంది.

వచ్చిన పిల్లలను ఒళ్లు ఆరేవరకు యంత్రంలోనే ఉంచాలి. పచ్చసొన కడుపులో ఉంటుంది గనుక రెండు రోజులు మేత లేకపోయినా వాటికి బాధ లేదు.

తల్లి లేని పిల్లలు

పిల్లలు వచ్చాయని సంతోషించేలోపే రెండో పని మొదలవుతుంది. మొదటి వారం వాటికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. నేలపై ఊక పోసి, పైన కాగితం పరచి, చుట్టూ అట్ట దడి కట్టి, మధ్యలో బల్బు వేలాడదీయాలి. పిల్లలు బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి అని తెలుసుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లు ముందు తాగించి, తరువాత నూకలు, పిల్లల దాణా వేయాలి. ఎలుకలు, పిల్లులు రాకుండా ఇనుప జాలీ తప్పనిసరి.

ఇంతా చేసి కొక్కెర తెగులుకు టీకా వేయించకపోతే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. మొదటి వారంలోనే, 5 నుంచి 7 రోజుల ఈడులో, కంట్లోగాని ముక్కులోగాని లసోటా టీకా చుక్క వేయించాలి. తరువాతి టీకాలను పశువైద్యుడు చెప్పిన ప్రకారం వేయించాలి. టీకా మందు ఒక్కో సీసాలో వంద, రెండు వందల పిల్లలకు సరిపడా వస్తుంది. కలిపిన మందు నిలవ ఉండదు. అందువల్ల నాలుగైదు ఇళ్లవారు మాట్లాడుకొని ఒకేరోజు గుడ్లు పెడితే, ఒకేరోజు పిల్లలు వస్తాయి, ఒక్క సీసాతో అందరి పని జరుగుతుంది.

పెట్టా, పెట్టే కలిస్తే

మరుసటి శీతాకాలం మేము పద్ధతి మార్చాము. యంత్రంలో 20 గుడ్లు పెట్టిన రోజే పొదుగుకు వచ్చిన పెట్ట కింద 5 గుడ్లు ఉంచాము. యంత్రంలో 14 పిల్లలు వచ్చాయి. పెట్ట కింద నాలుగు. ఆ రాత్రి చీకట్లో యంత్రం పిల్లల్లో పదింటిని పెట్ట రెక్కల కిందికి తోశాము. తెల్లవారాక అది తేడా లేకుండా అన్నింటినీ వెంటేసుకొని బయలుదేరింది. మిగిలిన నాలుగింటినే బల్బు కింద పెంచవలసి వచ్చింది. పగలు పుట్టిన రెండు మూడు రోజుల తరువాత ఇలా కలపబోతే పెట్ట పొడిచి తరుముతుంది. పుట్టిన రోజు రాత్రే కలపాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు వంద గుడ్ల యంత్రం కొని అప్పు చేయవద్దు. చలికాలంలో, చిన్న పెట్టెలో, సొంత మంద గుడ్లు పదో పదిహేనో పెట్టి చూడండి. ఏ రోజు వేడి ఎంత ఉన్నదీ, ఎన్ని గుడ్లు ఎక్కడ పోయినదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మొదటి దఫాలో పోయిన గుడ్లు ఎందుకు పోయాయో తెలిస్తే రెండో దఫాలో అవి పిల్లలవుతాయి. పొదుగుకు వచ్చిన పెట్టను మాత్రం నీళ్లలో ముంచి తరమకండి. దానికీ నాలుగు గుడ్లు పెట్టి కూర్చోనివ్వండి. పిల్లలు వచ్చిన రాత్రి దాని అవసరం మీకే తెలుస్తుంది.