స్కైలైన్ మన దాకా రాదు, మారుతీ 800 మాత్రం వెళ్లిపోతోంది: కౌకూర్ నుంచి ఒక పాత జపాన్ కారు రివ్యూ

మీలో చాలామంది ఫోన్ వాల్‌పేపర్‌గా నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 ఉంటుందని నాకు తెలుసు. లేదంటే 'ఇనిషియల్ డీ'లో కొండ రోడ్ల మీద జారుకుంటూ వెళ్లే తెల్ల టయోటా ఏఈ86. గ్రాన్ టురిస్మోలో వాటిని వందల కిలోమీటర్లు నడిపి ఉంటారు. వాటి హార్స్ పవర్, టర్బో, గేర్ రేషియో అడిగితే స్నాప్‌డ్రాగన్ చిప్ స్పెసిఫికేషన్లు చెప్పినంత ఫాస్ట్‌గా చెప్పేస్తారు. కానీ మన జహీరాబాద్‌లో నిస్సాన్ పేరుతో ట్రక్కులు తయారయ్యేవన్న సంగతి ఎంతమందికి తెలుసు?

ఈసారి ఫోన్ కాకుండా, 25 ఏళ్ల పాత జపాన్ డిజైన్ కారును రివ్యూ చేస్తున్నాను. ఈ బండ్లు ఇప్పుడు చాలా వేగంగా మాయమైపోతున్నాయి. ఆలస్యమైతే రివ్యూ చేయడానికి కూడా మిగలవు.

ముందు స్కైలైన్ సంగతి తేల్చేద్దాం. ఆర్34 జీటీ-ఆర్ 1999 నుంచి 2002 వరకు తయారైంది. అమెరికాలో 25 ఏళ్లు దాటిన కారుకు అక్కడి సేఫ్టీ రూల్స్ నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి 2024 నుంచి వాళ్లు జపాన్ నుంచి ఆర్34లు తెప్పించుకుంటున్నారు. మన దగ్గర రూల్ దాదాపు దీనికి తలకిందులు. సెకండ్ హ్యాండ్ కారు దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు. అంటే 25 ఏళ్ల స్కైలైన్‌ను మామూలు దారిలో తెచ్చుకునే అవకాశమే లేదు. మనకు దొరికేది 1:64 సైజు స్కైలైన్. ఏఎస్ రావు నగర్, కొంపల్లి షాపుల్లో హాట్ వీల్స్ పెగ్గుల ముందు నిలబడి ట్రెజర్ హంట్ కోసం ఒక్కో కార్డునూ తిరగేసే బ్యాచ్‌లో నేనూ ఉన్నాను, కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడను. రబ్బర్ టైర్లున్న సూపర్ ట్రెజర్ హంట్ ఒకటి దొరికిన రోజు నేను ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చాను.

అయితే చేతిలో పట్టే బొమ్మ కోసం ఇంత వెతికే మనం, ఇంటి పక్కన టార్పాలిన్ కింద తుప్పు పడుతున్న అసలు జపాన్ డిజైన్‌ను పట్టించుకోవట్లేదు. నా బాధ అదే.

ఇక మన దగ్గర ఉన్న జపాన్ బండ్ల విషయానికి వస్తే, లిస్టు మీరు అనుకున్నదానికంటే పెద్దది. కౌకూర్‌లో ఉండేవాళ్లకి జిప్సీ గురించి చెప్పక్కర్లేదు. బొల్లారం, యాప్రాల్ రోడ్ల మీద ఆర్మీ జిప్సీలు చూస్తూనే పెరిగాం. 1985 చివర్లో వచ్చిన ఆ బండి అసలు పేరు సుజుకీ జిమ్నీ, ఎస్‌జే410. మనకు పొడవైన వీల్‌బేస్‌తో ఇచ్చారు. 2023లో కొత్త జిమ్నీ లాంచ్ అయినప్పుడు 'వావ్, జిమ్నీ ఇండియాకి వచ్చింది' అని పోస్టులు పెట్టినవాళ్లను చూసి నాకు నవ్వొచ్చింది. అది 38 ఏళ్ల కిందటే వచ్చింది, మన గేటు ముందు నుంచే వెళ్తోంది.

ప్రీమియర్ 118ఎన్ఈ చూడ్డానికి ఫియట్, బానెట్ ఎత్తితే నిస్సాన్ ఏ12 ఇంజిన్, 1171 సీసీ. డాట్సన్ 1200లో ఉన్న కుటుంబమే అది. కాంటెస్సా క్లాసిక్‌లో ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్. 1998లో వచ్చిన మిత్సుబిషి లాన్సర్, అదే ఏడాది వచ్చిన మొదటి హోండా సిటీ, 2000లో దానికి కలిసిన 1.5 వీటెక్ ఇంజిన్ (106 హార్స్ పవర్) గురించి కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు.

వీటన్నిటిలో మనది అని గట్టిగా చెప్పుకోవాల్సింది మాత్రం అల్విన్ నిస్సాన్. హైదరాబాద్ అల్విన్ అంటే ఫ్రిజ్‌లు, బస్ బాడీలు, సైకోతో కలిసి చేసిన గడియారాలు. తాతయ్య బీరువాలో అల్విన్ వాచ్ ఉందేమో ఒకసారి చూడండి. ఆ కంపెనీయే 1980ల్లో నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న ట్రక్కు తయారుచేసింది. అప్పట్లో డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, మన అల్విన్ నిస్సాన్ నాలుగూ ఇంచుమించు ఒకేసారి దిగాయి. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. మన ఊళ్లలో ఇప్పటికీ ఏ కంపెనీ చిన్న లారీనైనా 'డీసీఎం' అనే అంటారు కదా, ఆ మాట ఆ కాలం నుంచి మిగిలిందే. డీసీఎం పేరు మిగిలింది. మన రాష్ట్రంలో తయారైన బండి పేరు మాత్రం ఎవరి నోటా మిగల్లేదు.

800 లెక్క

ఇప్పుడు అసలు రివ్యూ యూనిట్ దగ్గరికి వద్దాం. మారుతీ 800. మొదటి కారు తాళాలు 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ అనే ఢిల్లీ కొనుగోలుదారుకు అందాయి. అప్పటి ధర 47,500 రూపాయలు, అంటే ఇవాళ ఒక మంచి ఫ్లాగ్‌షిప్ ఫోన్ కూడా రాని మొత్తం. ఆయన దాన్ని 2010లో చనిపోయేదాకా నడిపారు. తర్వాత ఆ కారును మారుతీయే రీస్టోర్ చేయించి తన హెడ్ ఆఫీసులో పెట్టుకుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు, బరువు 650 కిలోల దగ్గర. ఇది జపాన్‌లోని సుజుకీ ఆల్టోనే. 1986లో మనకొచ్చిన రెండో షేప్ ఆ తర్వాత పెద్దగా మారకుండా 2014 జనవరి వరకు నడిచింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. 2010 ఏప్రిల్ 1 నుంచి 13 నగరాల్లో బీఎస్-4 రూల్ వచ్చింది. అందులో హైదరాబాద్ ఉంది. 800ను బీఎస్-4కి మార్చలేదు, కాబట్టి ఆ రోజు నుంచి మన సిటీలో కొత్త 800 అమ్మకం ఆగిపోయింది. ప్రైవేట్ కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అంటే హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన ఆఖరి 800కి కూడా 2025లో గడువు తీరిపోయింది. ఇప్పుడు సిటీ నంబర్‌తో రోడ్డు మీద తిరిగే ప్రతి 800 వెనకా, ఎవరో ఒకరు ఆఫీసు చుట్టూ తిరిగి, డబ్బు కట్టి 'ఇది ఉండాలి' అని నిర్ణయం తీసుకున్నారన్నమాట.

మా ఇంట్లో ఆ నిర్ణయం నా మీద పడింది. మా మేనమామది 2000 మోడల్, ఏపీ 10 నంబర్, ఎంపీఎఫ్ఐ ఇంజిన్. అదే ఏడాది నోకియా 3310 కూడా వచ్చింది, గుర్తుపెట్టుకోండి. 2015లో ఒకసారి, 2020లో ఒకసారి రెన్యువల్ అయింది. మూడోసారి గడువు 2025 చివర్లో. మామయ్య తేల్చి చెప్పేశాడు: "ఇంకెందుకు రా అది, తుక్కుకిచ్చెయ్. వాడు 20 వేలు ఇస్తనంటున్నడు." ఆయన మాట తప్పని అనలేను. పద్ధతిగా గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే కొత్త కారు రోడ్ ట్యాక్స్‌లో రాయితీ కూడా ఉంటుంది. పైగా 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును 5 వేల నుంచి 10 వేలు చేసింది. 2022కి ముందు అదే ఫీజు 600 ఉండేది.

నేను అడిగింది ఒక నెల టైమ్. ఫ్లోర్‌లో డ్రైవర్ కాళ్ల కింద తుప్పు తిన్న చోట వెల్డింగ్, ప్యాచ్ పెయింట్ కలిపి 6,500. సైలెన్సర్ 3,200. నాలుగు టైర్లు 145/70 ఆర్12, దాదాపు 11 వేలు. పెట్రోల్ పైపులు, గ్యాస్కెట్లు 1,800. పైపుల దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 2000లో చేసిన రబ్బరును దీని కోసం డిజైన్ చేయలేదు. పాత బండి ఉన్నవాళ్లు ముందు మార్చాల్సింది మ్యూజిక్ సిస్టమ్ కాదు, ఈ పైపులు. మొత్తం 22,500, ఫీజు 10 వేలు కలిపితే 32,500, పైన గ్రీన్ ట్యాక్స్. స్క్రాప్ రేటు కంటే ఎక్కువే. మామయ్య ఈ కాగితం చూసి ఒక్క మాట కూడా అనలేదు, టీ తాగుతూ మళ్లీ మళ్లీ చూశాడు. బండి ఇన్‌స్పెక్షన్ పాసైంది. కాలుష్యం రీడింగ్ కూడా లిమిట్ లోపలే వచ్చింది. ఆర్సీ ఇప్పుడు 2030 వరకు ఉంది.

పర్ఫార్మెన్స్ విషయానికొస్తే, ఆదివారం పొద్దున ఆరింటికి హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చెరువు దాకా రాజీవ్ రహదారిలో వెళ్లి రండి, అర్థమవుతుంది. పవర్ స్టీరింగ్ లేదు, రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుంది. 70 దగ్గర ఇంజిన్ హాయిగా పాడుతుంది. 90 దాటితే సైడ్‌లో లారీ వచ్చినప్పుడు బండి పక్కకి జరుగుతుంది, ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. ఇది ఫ్యామిలీతో హైవే మీద 100లో వెళ్లే కారు కాదు, నేనైతే అలా ఎవరికీ సజెస్ట్ చేయను.

చక్రాల పిచ్చి

జపాన్ కార్ల పిచ్చిలో సగం చక్రాల పిచ్చే. ఏఈ86 అనగానే వటనబే ఎనిమిది పుల్లల చక్రం గుర్తొస్తుంది. రేస్ కంపెనీ వోల్క్ టీఈ37 1996లో వచ్చింది. 15 అంగుళాల సైజులో ఒక్కో చక్రం 3.7 కిలోలే ఉండడం వల్ల దానికా పేరు. స్ప్రింగుల కింద ఉండే బరువు తగ్గితే సస్పెన్షన్ గుంతకు త్వరగా స్పందిస్తుంది, అందుకే ఫోర్జ్‌డ్ చక్రానికి అంత రేటు. మన మార్కెట్లో ఆ డిజైన్ కాపీలు బోలెడు ఉన్నాయి, పోత పోసినవి, బరువైనవి. అసలైన జపాన్ చక్రం మీద జేడబ్ల్యూఎల్ గుర్తు పోతలోనే ఉంటుంది, చాలావాటికి వీఐఏ గుర్తు కూడా. గుర్తును కూడా కాపీ కొట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి వెనక వైపు సైజు, ఆఫ్‌సెట్ అంకెలు కూడా చూసి, వీలైతే తూకం వేయండి.

800 ఓనర్లు ఎక్కువమంది 13 అంగుళాల అల్లాయ్‌లు వేసేస్తారు. స్టాక్ టైర్ మొత్తం ఎత్తు సుమారు 508 మిల్లీమీటర్లు. 155/65 ఆర్13 వేస్తే 532 అవుతుంది, దాదాపు 4.7 శాతం ఎక్కువ. మీటర్ 80 చూపిస్తుంటే మీరు 84లో వెళ్తుంటారు. 37, 45 హార్స్ పవర్ ఇంజిన్‌కి గేరింగ్ ఇంకా బరువవుతుంది. లుక్ కోసం ఇంత ఇవ్వడం నాకు నచ్చదు.

పాతవి మార్చినా, ఒరిజినల్ స్టీల్ రిమ్ములు, వీల్ క్యాపులు పారేయకండి. కారణం ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబర్ ఇస్తారు, ఫీజు 20 వేలు. దాంతో రోజూ ఆఫీసుకు వెళ్లలేరు, ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే. ఇప్పుడు ఆలోచించండి: దేశంలో మొట్టమొదటి 800కే ఆ హోదా 2033 డిసెంబర్‌లో వస్తుంది. జిప్సీకి 2035 చివర్లో. మా మామయ్య కారుకు 2050. మధ్యలో ఉన్న ఈ పాతికేళ్లు చట్టం దృష్టిలో అది వారసత్వం కాదు, ఫీజు పెరుగుతూ పోయే ముసలి బండి మాత్రమే. ఇవాళ ఇంజిన్ మార్చి, బాడీ కోసి మోడిఫై చేస్తే, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదన్న 2019 సుప్రీంకోర్టు తీర్పుతో ఇప్పుడూ ఇబ్బందే, 2033లోనూ ఇబ్బందే. యమహా ఆర్ఎక్స్100 విషయంలో చూశాం కదా, పాల క్యాన్లు మోసిన బండి రీస్టోర్ అయ్యాక లక్ష దాటుతోంది. ఎక్కువ పలికేది అన్నీ ఒరిజినల్‌గా ఉన్నదానికే.

నా వరకు నేను 12 అంగుళాలకే కట్టుబడ్డాను. రాణిగంజ్‌లో ఒక పాత సామాన్ల కొట్టులో, సైలెన్సర్ల గుట్ట కింద నాలుగు చిన్న అల్లాయ్ చక్రాలు కనిపించాయి. తుడిచి చూస్తే జేడబ్ల్యూఎల్ గుర్తు. ఎదురెదురు బోల్టు రంధ్రాల మధ్య టేపు పెట్టి కొలిస్తే 114.3 మిల్లీమీటర్లు, 800కి సరిగ్గా సరిపోయేవి. కొట్టాయన 9 వేలు చెప్పాడు. నాలుగో చక్రం అంచున గ్రైండింగ్ చేసి, రంగు పూసి దాచిన వెల్డింగ్ గీత ఉంది. వెల్డింగ్ వేసిన అల్లాయ్‌ను హైవే మీద నమ్మలేం. "అన్నా, ఇది వద్దు, మూడే ఇవ్వు" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి 4,500కి ఇచ్చేశాడు.

కారు స్టీల్ రిమ్ముల మీదే తిరుగుతోంది. మూడు అల్లాయ్‌లు నా మంచం కింద ఉన్నాయి, నాలుగోదాని కోసం పుత్లీబౌలి నుంచి రాణిగంజ్ దాకా అన్ని కొట్లలో నంబర్ ఇచ్చి వచ్చాను. మొన్న మామయ్య వంగి వాటిని చూశాడు, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"మూడే ఉన్నయ్ కదరా," అన్నాడు. "ఆటోకి వేస్కో."