తీగ పోయివచ్చు త్రోవ

వైణికుడు ఒక మెట్టుమీద తీగను అదిమిపట్టి, మెట్టు మారకయే దానిని ప్రక్కకు లాగి, షడ్జమునుండి రిషభమునకును, ఇంకను బలముగ లాగి గాంధారమునకును నాదమును తీసికొనిపోవుట మన చెవులకు చిరపరిచితమైన విద్య. ఎలక్ట్రిక్ గిటారు వాయించువారు ‘బెండింగ్’ అని పిలుచునదియు ఈ విద్యయే. అమెరికాలో బ్లూస్ సంగీతమునకు పేరుతెచ్చిన బి. బి. కింగ్ ఒక్క స్వరమును వంచి నిలిపియే వినువారి కంట నీరు తెప్పించెను. ఎడమచేతి వాటముగల ఆల్బర్ట్ కింగ్ గిటారును తలక్రిందులుగ పట్టి, అందరు పైకి త్రోయు తీగలను తాను క్రిందికి లాగి, అదే స్వరమునకు వేరొక గాంభీర్యమును కల్పించెను. అట్టి నాదమును ఆశించి సాధనకు కూర్చున్న అభ్యాసకుడు, స్వరము నడిదారిలో తెగిపోయినను, తీగను విడిచిన పిదప శ్రుతి దిగిపోయినను, తన వ్రేళ్లనే నిందించుకొనును. కాని పెక్కుమార్లు దోషము వ్రేళ్లది కాదు, వాద్యపు అమరికది. ఆ అమరికలోని సమస్త శాస్త్రమును రెండు ప్రశ్నలలో ఇముడ్చవచ్చును: త్రోసిన తీగ తన మెట్టును తప్ప మరి దేనినైనను తాకుచున్నదా? విడిచిన తీగ తన మొదటి బిగువునకు మరల వచ్చుచున్నదా?

ముందుగ తీగను వంచినపుడు జరుగునదేమో చూతము. తీగ శ్రుతిని నిర్ణయించు నియమములను ఫ్రెంచి విద్వాంసుడు మరిన్ మెర్సెన్ 1636లో ప్రకటించెను. తీగ పొట్టిదైనకొలది, తేలికైనకొలది, బిగువెక్కినకొలది శ్రుతి హెచ్చును. అయితే బిగువు నాలుగింతలైనగాని శ్రుతి రెండింతలు కాదు. ఈ లెక్కన ఒక అర్ధస్వరము పెంచుటకు బిగువు 12 శాతమును, షడ్జమునుండి చతుశ్రుతి రిషభమునకు పోవుటకు 26 శాతమును, సాధారణ గాంధారమును అందుకొనుటకు 41 శాతమును పెరుగవలెను. లోహము సాగినంత మేరకే బిగువు పెరుగునని 1678లో రాబర్ట్ హుక్ తెలిపిన నియమమును దీనికి జతచేసినచో చిత్రమంతయు కన్నులకు కట్టును. స్ట్రాటోకాస్టర్‌వలె 25.5 అంగుళముల, అనగా 648 మిల్లీమీటర్ల తీగపొడవుగల గిటారుకు 0.009 అంగుళముల మందముగల ఉక్కుతీగను మొదటి తీగగ కట్టినచో, అది సుమారు 5.9 కిలోల బిగువుతో నిలుచును. దానిని ఒక పూర్ణస్వరము పైకి తీసికొనిపోవుటకు మరి కిలోన్నర బిగువు కావలెను. అందుకు తీగ సాగవలసినది ఒక మిల్లీమీటరుకు కొంచెము పైమాటయే; కాని ఆ స్వల్పమైన సాగుదలకై 12వ మెట్టువద్ద వ్రేలు తీగను ఇంచుమించు రెండు సెంటీమీటర్లు ప్రక్కకు నెట్టవలెను. అంత దూరము నడిపించి అంత కొంచెము సాగదీయుటయే బెండింగ్‌లోని సౌలభ్యము, సౌకుమార్యము కూడ.

కనుక మొదటి నిర్ణయము తీగ మందమును గూర్చినది. 0.010 అంగుళముల తీగ వంచకమునుపే సుమారు 7.3 కిలోల బిగువున నుండును. అనగా సన్నతీగ పూర్ణస్వరము వంగినపిమ్మట ఎంత బరువో, లావుతీగ విశ్రాంతిగ ఉన్నపుడే ఇంచుమించు అంత బరువు. సన్నతీగల జతలు అంగళ్లలో దొరకని రోజులలో గిటారు వాద్యకుడు జేమ్స్ బర్టన్ వంటివారు మొదటి తీగ స్థానమున బాంజో తీగను బిగించి, తక్కినవానిని ఒక్కొక్క స్థానము జరుపుకొనిరి. ఎర్నీ బాల్ 1962లో సన్నతీగల జతను అమ్మకమునకు తెచ్చినపిదపగాని ఈ పాటు తప్పలేదు. గిబ్సన్ గిటార్లవలె తీగపొడవు 24.75 అంగుళములే యైనచో, అదే తీగ అదే శ్రుతికి ఆరు శాతము తక్కువ బిగువుతో చాలును. ఇందులో ఉత్తమాధమములు లేవు. సన్నతీగ వ్రేలికి లొంగును, లావుతీగ నిండుగ పలుకును. వ్రేలిబలమును బట్టి ఎన్నుకొనవలెను.

ఇక మొదటి ప్రశ్న. ఎలక్ట్రిక్ గిటారు మెట్లపలక సాధారణముగ సమతలము కాదు. వ్రేళ్లు సుఖముగ ఆనుటకై అది అడ్డముగ కొంచెము వంపు తిరిగి, ఒక పెద్ద స్తంభమునుండి చెక్కిన పెచ్చువలె నుండును. ఆ స్తంభపు వ్యాసార్ధము 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టరుకు 7.25 అంగుళములు, గిబ్సన్ లెస్ పాల్‌కు 12 అంగుళములు. వ్యాసార్ధము తగ్గినకొలది వంపు హెచ్చును. పలక మధ్యరేఖకు 20 మిల్లీమీటర్ల దూరమున నున్న తీగను ఆ రేఖవరకు త్రోసినచో, మొదటిదానిపై వ్రేలిక్రింది తీగ 1.1 మిల్లీమీటర్ల మిట్ట ఎక్కును, రెండవదానిపై 0.65 మాత్రమే. అయితే బ్రిడ్జ్ అను గుర్రముపైనున్న తీగ రెండవకొన ఏమాత్రమును లేవక ఉన్నచోటనే ఉండిపోవును. ఒక కొన మిట్టకెక్కి, వేరొకకొన పల్లముననే నిలిచినపుడు, తీగ ఎత్తు చాలనియెడల నడుమనున్న మెట్ల మూపు దానికి తగులక మానదు. తగిలిన మరుక్షణమున, గొంతు నులిమినట్లు, స్వరము ఆగిపోవును.

ఒక వాద్యశిల్పి బల్లముందు కూర్చుండి దీనిని నేను కన్నులార చూచితిని. 15వ మెట్టుపై మొదటి తీగను ఆయన మెల్లగ త్రోయగ, స్వరము సగముదారి ఎక్కి ‘చిట్’మని ఆరిపోయెను. తీగను అట్లే వంచి పట్టుకొనుమని నాతో చెప్పి, పలుచని కాగితపు ముక్కను పై మెట్లకును తీగకును నడుమ ఒక్కొక్కచోట చొప్పించి లాగిచూచెను. ఒక మెట్టువద్ద కాగితము కదలలేదు. అపరాధి దొరికెను. శాడిల్ అను తీగపీటలోని చిన్న మరను పావుచుట్టు త్రిప్పి, శ్రుతిచేసి, మరల త్రోయగ ఈమారు స్వరము శిఖరమువరకు నిరాటంకముగ ఎక్కి, అచ్చట నిలిచి, తనంత తానుగ క్షీణించెను. పిమ్మట ఆయన 17వ మెట్టువద్ద తీగ ఎత్తును కొలువగ 1.6 మిల్లీమీటర్లుండెను. చాలమందికి ఈ ఎత్తు సరిపోవును. వంపు ఎక్కువైన పలకకు ఇంకొంచెము కావలసియుండును.

తీగను ఎత్తుటకు ముందు మెడ తీరును పరీక్షించుట విధి. మొదటి మెట్టున తీగలను అదిమిపట్టు క్యాపో అను బిగింపును అమర్చి, చివరిమెట్టున తీగను అదిమి, 8వ మెట్టువద్ద సందు చూడవలెను. అది సుమారు పావు మిల్లీమీటరుండుట మంచిది. సందు మరీ ఎక్కువైనచో మెడ వింటివలె వంగి, పైమెట్లు తీగకు ఎదురెక్కును. అప్పుడు మెడలోపల పొదిగిన ట్రస్ రాడ్ అను కడ్డీని ఒక్కొక్కమారు పావుచుట్టుకు మించకుండ బిగించి, కొయ్య సర్దుకొనుటకు వ్యవధి నీయవలెను. మెట్లన్నియు ఒక్క ఎత్తున ఉండవలెను. వాని శిరస్సులు నున్నగ మెరయవలెను, లేనియెడల ప్రక్కకు జరుగు తీగ గరగరలాడును. తీగలు ఒకకొన దగ్గరగను ఒకకొన ఎడముగను ఉండుటచే, వానిక్రింది ఆదర్శతలము స్తంభము కాక శంకువని గ్రహించిన శిల్పులు, పైమెట్లకు పోనుపోను చదునగు పలకలనే చెక్కుచున్నారు.

మన ఇండ్లలో ప్రయాణమగువారు ‘పోయెద’నని అనరు, ‘పోయివచ్చెద’నందురు. తీగయు అట్లే పోయి రావలెను. రెండవ ప్రశ్న ఆ రాకను గూర్చినది. తీగను వంచినపుడు, నట్ అను మేరువు గాడిలోనుండి బిరడవైపు తీగ కొంత ఇవతలికి జారును. గాడి ఇరుకైనను గరుకైనను, విడిచినపుడు ఆ జారినది వెనుకకు పోక అచ్చటనే చిక్కుకొనును. 0.009 అంగుళముల తీగలో చిక్కుకొన్నది ఒక కాగితపు మందమంత, అనగా 0.1 మిల్లీమీటరే యైనను, శ్రుతి ఇంచుమించు అర్ధస్వరములో ఐదవవంతు దిగిపోవును. ఆ దిగుడు ఎట్టి చెవికైనను తెలియును. శ్రుతిచేయునపుడు మేరువువద్ద ‘టింగు’మను శబ్దము వినబడుట ఈ చిక్కునకు గుర్తు. గాడిని తీగమందమునకు తగినట్లు ఆకురాతితో సరిచేసి, పెన్సిలు ములికిపొడిని కొంచెము రాసినచో తీగ నున్నగ జారును. బిరడపై రెండుమూడు చుట్లకు మించి చుట్టరాదు. క్రొత్తతీగలను చేతితో పలుమార్లు సాగదీసి శ్రుతిచేసినగాని అవి కుదుటపడవు.

స్ప్రింగులపై తేలియాడు ట్రెమలో గుర్రము కల గిటార్లలో మరియొక చిక్కు కలదు. ఒక తీగ బిగువెక్కగనే గుర్రము ముందుకు ఒరగి, తక్కిన తీగలన్నియు శ్రుతి దిగును. వంచు తీగను సయితము మరింత దూరము త్రోయవలసి వచ్చును. స్ప్రింగులను మూడింటినుండి ఐదింటికి పెంచి, గుర్రమును దేహమునకు ఆనునట్లు బిగించినచో ఈ ఊగిసలాట కట్టుబడును. ఇవన్నియు ముగిసినపిదపనే, 12వ మెట్టున అదిమిన స్వరమును అచ్చటి హార్మోనిక్ అను అనుస్వరముతో పోల్చి, అదిమినది హెచ్చుగనున్న శాడిలును వెనుకకును, తగ్గుగనున్న ముందుకును జరుపవలెను. తీగ, మెడ, ఎత్తు, మేరువు, చివరకు ఈ పోలిక: ఈ క్రమము తప్పినచో చేసిన పనినే మరల చేయవలసి వచ్చును.

వీణను నిర్మించిన మన పెద్దలు మొదటి ప్రశ్నకు ఏనాడో సమాధానము చెప్పిరి. మైనపు గట్లపై సూటిగ నిలిపిన కంచుమెట్లకు అడ్డవంపు లేదు. కావున ఎంతదూరము లాగినను తీగ మిట్టకెక్కదు, వ్రేలికి కొయ్య తగులదు. మెట్ల నడుమ కొయ్యను గుంతలుగ తొలిపించిన గిటారుతో వాద్యకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ సాధించినదియు ఈ స్వేచ్ఛనే. ఆయనతో రిమెంబర్ శక్తి బృందమున వాయించిన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్, జంటతీగల మాండొలిన్ గమకమునకు లొంగదని గ్రహించి, జంటలను విడదీసి ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను చేపట్టెను. పాటకు తగినట్లు వాద్యమును మార్చుకొనుటకు ఆయన వెనుదీయలేదు. మైనమును వెచ్చచేసి, ఒక్కొక్క మెట్టును చెవితో విని నిలుపు పనికి మనవారు ‘మేళము కట్టుట’ అని పేరుపెట్టిరి. గిటారుకు మర త్రిప్పి, గాడి నునుపుచేసి, కాగితపు ముక్కతో సందు చూచు పనియు మేళము కట్టుటయే. అంతటి ఓర్పుతో దానిని చేసినపిదప 15వ మెట్టుపై మొదటి తీగను వంచి, నిలిపి, విడిచి వినుడు. స్వరము తెగక, శ్రుతి దిగక ఉన్నచో, ఇక సాధనను వ్రేళ్లకు అప్పగింపవచ్చును.