ఇంటికి బీమా సరే, ఇంట్లోని సామానుకో?

ఉతై (ఛత్తీస్‌గఢ్): ఉక్కు కర్మాగారం క్వార్టరులో ఉన్నన్నాళ్లూ గోడలు, కప్పు సంస్థవే. పదవీ విరమణ అనంతరం ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ సొమ్ము కలిపి, భిలాయి పొరుగున ఉన్న ఉతై వంటి చోట్ల సొంత ఇల్లు కట్టుకునే కుటుంబంపై ఆ భారం ఒక్కసారిగా పడుతుంది. 1959లో కర్మాగారం ఉత్పత్తి ఆరంభించిన కాలం నుంచి తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ గృహబీమా గురించి అపోహలు తక్కువేమీ కావు.

వాటిలో మొదటిది ఇంటి ధరకు సంబంధించినది. స్థలంతో సహా 40 లక్షలు పలికే ఇంటిని 40 లక్షలకు బీమా చేయనవసరం లేదు. స్థలం కాలిపోదు, కూలిపోదు. బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో 2021 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీ ప్రకారం, ఇంటి కార్పెట్ వైశాల్యాన్ని చదరపు మీటరు నిర్మాణ వ్యయంతో హెచ్చవేస్తే వచ్చేదే బీమా మొత్తం. ఉదాహరణకు 80 చదరపు మీటర్ల ఇంటికి మీటరుకు 20,000 రూపాయల చొప్పున 16 లక్షలు.

కట్టడానికి ఇలా బీమా చేస్తే అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు, ఇంట్లోని సామానుకు దానంతటదే వర్తిస్తుంది. పై ఉదాహరణలో అది 3.20 లక్షలు. అంతకు మించి సామాను ఉంటే వివరాలు ప్రకటించి పెంచుకోవాలి. నగలకు, కళాఖండాలకు విడిగా రక్షణ తీసుకోవాలి. నగదుకు సాధారణంగా రక్షణ లేదు.

అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు ఈ పాలసీ పరిధిలోకి వస్తాయి. దొంగతనం సంగతి వేరు. వరద వంటి ఘటన జరిగిన 7 రోజులలోగా, దాని కారణంగా జరిగిన చోరీకే పరిహారం లభిస్తుంది. ఊరెళ్లినప్పుడు తాళం పగిలితే ఈ పాలసీ ఆదుకోదు. అందుకు వేరే బీమా కావాలి.

పాత అగ్నిబీమాలో ఒక చిక్కు ఉండేది. 20 లక్షల ఇంటిని 10 లక్షలకే బీమా చేస్తే, 4 లక్షల నష్టానికి 2 లక్షలే చేతికందేవి. కొత్త పాలసీలో ఈ కోత లేదు. అయితే వైశాల్యం, నిర్మాణ వివరాలు నిజాయితీగా చెప్పి ఉండాలి.

గృహరుణమిచ్చిన బ్యాంకు బీమా చేయించిందన్న ధీమా కూడా ప్రమాదకరమే. అది రుణగ్రహీత ప్రాణానికి చేసిన బీమా అయితే ఇల్లు కాలినా పైసా రాదు.

సామానుకు జరిగే నష్టం ఎంతటిదో 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచెత్తిన బుడమేరు వరద చూపింది. చాలా ఇళ్లలో గోడలు నిలిచాయి. ఫ్రిజ్‌లు, టీవీలు, మంచాలు, బట్టలు మాత్రం బురదపాలయ్యాయి. నేల అంతస్తు మునిగిన కుటుంబానికి ప్రభుత్వం ప్రకటించిన సాయం 25,000 రూపాయలు.

క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో ఉండేవారు సామానుకు మాత్రమే బీమా చేయించుకునే వీలుంది. ఈ సంగతి తెలిసినవారు బహు తక్కువ. రశీదులు, ఫొటోలు ఇంట్లోనే ఉంచితే అవీ సామానుతోపాటే పోతాయి గనుక, ప్రతులను వేరొకచోట భద్రపరచడం మేలు. నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూసేవరకు శిథిలాలను తొలగించకుండా ఉంచాలి. పరిహారం నిరాకరించినా, తగ్గించినా ముందు కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫలితం లేకపోతే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు రుసుము లేదు.