ఎనిమిదిన్నర వేల చేతులు

కళ అనగానే మనకు గోడకు వేలాడే బొమ్మ, గుడిలో శిల్పం, వేదిక మీద పాట గుర్తొస్తాయి. వార్షికోత్సవం నాడు మన హాస్టల్‌లో వేసే నాటిక కూడా కళే. మరి చెత్త ఎత్తే మనిషితో చేయి కలపడం కళ అవుతుందా? న్యూయార్క్ నగరంలో ఒకామె ఈ పనే పదకొండు నెలలపాటు చేసింది. పి.జి.లో సెమినార్ పేపర్ కోసం లైబ్రరీలో వెతుకుతుంటే ఆమె సంగతి తెలిసింది. మన తమ్ముళ్లకు, పాత మిత్రులకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

ఆమె పేరు మీర్ల్ లాడర్మన్ యూకెలీస్. 1939లో అమెరికాలోని డెన్వర్‌లో పుట్టింది. 1968లో మొదటి బిడ్డ పుట్టాక, కళాకారిణిగా ఉన్న మనిషికి పొద్దస్తమానం పిల్లకు పాలు పట్టడం, గుడ్డలు మార్చడం, ఇల్లు తుడవడమే సరిపోయింది. ఈ పనికి విలువ ఎందుకు లేదని కోపం వచ్చి 1969లో ఒక ప్రకటన రాసింది. దాని సారాంశం ఇది: లోకంలో పనులు రెండు రకాలు. కొత్తది తయారుచేయడం ఒకటి, ఉన్నదాన్ని పాడవకుండా కాపాడుకోవడం రెండోది. మొదటి దానికి శిలాఫలకం, పేపర్లో ఫొటో. రెండోది రోజూ చేయాలి, చేసినట్టు కనిపించదు, కూలి తక్కువ. ఇల్లాలి పనీ, రోడ్లు ఊడ్చేవారి పనీ ఈ రెండో రకమే. ఆ పనినే కళ అంటానంది ఆమె. అన్నట్టుగానే 1973లో హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని మ్యూజియం మెట్లను నీళ్లు పోసి గంటల తరబడి కడిగింది. అదే ఆమె ప్రదర్శన.

1970ల నడుమ న్యూయార్క్ నగరపాలన దివాలా అంచుకు చేరింది. ఆ రోజుల్లో ఆమె ప్రదర్శన చూసిన ఒక విమర్శకుడు, పారిశుధ్య శాఖ కూడా తన పనిని కళ అని చెప్పుకుంటే గ్రాంటు దొరుకుతుందేమోనని ఎకసెక్కంగా రాశాడు. ఆమె ఆ కాగితాన్ని నేరుగా ఆ శాఖకే పంపింది! అలా 1977 నుంచి ఆ శాఖలో కళాకారిణిగా చేరింది. జీతం మాత్రం లేదు.

1979 జూలైలో అసలు పని మొదలైంది. నగరంలోని 59 పారిశుధ్య డివిజన్లకూ తిరిగి, దాదాపు 8,500 మంది కార్మికుల్లో ఒక్కొక్కరికీ ఎదురుగా నిలబడి చేయి కలిపింది. నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. 1980 జూన్‌కు పూర్తయింది. దాని పేరులోనే 'టచ్', అంటే స్పర్శ, ఉంది.

ఆ తిరుగుడులో కార్మికులు తమ మనసులో మాటలు చెప్పుకున్నారు. ఒకాయన పదిహేడేళ్ల కిందటి సంగతి చెప్పాడట. ఎండకు తాళలేక ఒక ఇంటి మెట్ల మీద కూర్చుంటే, కంపు కొడుతున్నారు లెమ్మని ఇంటావిడ తరిమేసింది. పదిహేడేళ్లు అది ఆయన గొంతులో అడ్డుపడే ఉంది. ఇలాంటివి విన్న యూకెలీస్, కార్మికులను జనం పిలిచే తిట్లన్నీ 1984లో గ్యాలరీ అద్దాల మీద రాసింది. నగరంలోని రకరకాల హోదాల వారిని పిలిచి వాళ్ల చేతనే కడిగించింది. 1983లో ఒక చెత్త లారీకి చుట్టూ అద్దాలు బిగించి ఊరేగింపులో నడిపింది. లారీని చూసిన వాళ్లకు తమ ముఖమే కనిపించేది. చెత్త ఎవరిదో ఇంతకంటే సూటిగా చెప్పిన పాఠం నేను చదవలేదు. పర్యావరణం అంటే మొక్కలు నాటడమే అని మన పుస్తకాల్లో ఉంటుంది గానీ, నగరం ఎన్నాళ్లు నిలబడుతుందనేది తెల్లవారకముందే చీపురు పట్టేవారి మీద కూడా ఆధారపడి ఉంది.

మా అమ్మ ఒక పట్టణంలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తుంది. నీళ్లు అడిగితే దోసిట్లోకి పైనుంచి పోసే ఇళ్లు ఆమె వీధిలో ఇప్పటికీ ఉన్నాయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని 1950లోనే రద్దు చేసింది. యూకెలీస్ సంగతి చెబితే అమ్మ అంతా విని, "షేక్‌హ్యాండు ఇచ్చింది సరే, జీతం ఏమన్నా పెంచిందా?" అంది.

పెంచలేదు. అది ఆమె చేతిలోనూ లేదు. అయితే న్యూయార్క్ కార్మికులకు అప్పటికే గట్టి యూనియన్ ఉంది. 1968 ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు సమ్మె చేసి నగరాన్ని చెత్తతో నింపినవాళ్లు వాళ్లు. సమ్మెతో తీరనిది అవమానం. ఆమె దాని మీద పని చేసింది. మనకు రెండూ మిగిలే ఉన్నాయి. మురుగు కాలువల్లో దిగి చనిపోయిన వారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2003లో బెజవాడ విల్సన్ గారి సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసు అది. 2023లో కోర్టు ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. చనిపోయాక వచ్చే డబ్బు అది.

2019లో కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. టీవీల్లో చాలాసార్లు చూపించారు. నా మటుకు నాకు చేయి కలపడమే నచ్చింది. కాళ్లు కడిగేటప్పుడు ఒకరు పీట మీద, ఒకరు కింద ఉండాలి. చేయి కలపాలంటే ఇద్దరూ ఒకే ఎత్తున నిలబడాలి.

వచ్చే ఏడాది వార్షికోత్సవానికి నాటికతో పాటు ఇంకొకటి చేయవచ్చు. బడిలో, బస్సులో, ఊళ్లో మనల్ని పిలిచిన మాటలన్నీ డైనింగ్ హాలు కిటికీ అద్దాల మీద సున్నంతో రాద్దాం. ముఖ్య అతిథులు వచ్చాక బకెట్, గుడ్డ వాళ్ల చేతికి ఇద్దాం. వార్డెన్ సార్‌ను ముందుగా అడగాలి.