చక్రం తిప్పిన మోటారు... చెక్కుతుందా?

ఎలక్ట్రిక్ స్కూటర్‌కి బ్యాటరీ పోయింది. కొత్తది కొందామంటే ధర వినగానే గుండె గుభేల్‌మంటుంది. ఇంకేముంది, బండి పాత సామాన్ల కొట్టుకే! కానీ పోయింది బ్యాటరీయే, మోటారు కాదు. తలుపు మీద లతలు, రాతి పలక మీద అక్షరాలు చెక్కే యంత్రానికి అదే ప్రాణం కావచ్చు. ఇంట్లోనే సీఎన్‌సీ యంత్రాలు చేసుకునే ఔత్సాహికులు ఎన్నో దేశాల్లో స్కూటర్ మోటార్లతో ఈ ప్రయోగాలే చేస్తున్నారు.

సీఎన్‌సీ అంటే మరేం లేదు, కంప్యూటర్‌లో గీసిన బొమ్మను అంకెలుగా మార్చి, ఆ అంకెల ప్రకారం పనిముట్టును నడిపే యంత్రం. ఇలాంటి తొలి యంత్రాన్ని 1952లో అమెరికాలోని ఎంఐటీలో ప్రదర్శించారు. అప్పట్లో దాని బుర్రే చాలా పెద్దగా ఉండేది. 2009లో నార్వే నుంచి ‘జీఆర్‌బీఎల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చాక అరచేతిలో పట్టే బోర్డు చాలన్నమాట. ఇక మిగిలిన ఖర్చుల్లో ముఖ్యమైనది స్పిండిల్... అంటే చెక్కే బిట్టును గిర్రున తిప్పే భాగం.

అన్ని మోటార్లూ ఒకటి కావు

మన రోడ్ల మీద లైసెన్సు అక్కర్లేని స్కూటర్లకి నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. వీటిలో చాలావాటికి మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది. చక్రం చుట్టుకొలత సుమారు 1.35 మీటర్లనుకుంటే, ఆ వేగంలో అది నిమిషానికి తిరిగేది మూడొందల చుట్లే! చెక్క మీద నగిషీకి సాధారణంగా పదివేల చుట్ల పైమాటే వాడతారు. బజారులో దొరికే స్పిండిళ్లు 24 వేల దాకా తిరుగుతాయి. కాబట్టి చక్రం మోటారు ఈ పనికి పనికిరాదు.

మరి ఏది పనికొస్తుంది? చక్రానికి బయట ఉండి, చైనుతోనో బెల్టుతోనో బండిని లాగే రకం. నిలబడి నడిపే చిన్న స్కూటర్లలోని 24 వోల్టుల 250 వాట్ల మోటారు నిమిషానికి సుమారు 2,700 చుట్లు తిరుగుతుంది. దానికి పెద్ద పుల్లీ, స్పిండిల్‌కి అందులో మూడో వంతు పుల్లీ బిగిస్తే వేగం 8,100 అవుతుంది. అయితే వేగం మూడింతలైతే తిప్పే బలం మూడో వంతుకు తగ్గుతుంది. అందుకే సన్నని బిట్టుతో, కొద్దికొద్దిగా లోతు దించుతూ చెక్కాలి.

బలమంతా బేరింగులదే

ఇక్కడే చాలామంది పొరబడతారు. బిట్టును నేరుగా మోటారు ఇరుసుకే బిగిస్తారు. బిట్టు చెక్కేటప్పుడు పక్కకీ పైకీ నెట్టుడు పడుతుంది. స్కూటర్ మోటారు బేరింగులు దానికోసం చేసినవి కావు. నాలుగు రోజుల్లో ఇరుసు ఊగుతుంది, గీత వంకరపోతుంది. గట్టి బేరింగులతో స్పిండిల్‌ను విడిగా కట్టుకుని, మోటారును పక్కన పెట్టి బెల్టుతో తిప్పడమే దారి. అసలు ఖర్చు పెట్టాల్సింది ఆ బేరింగుల మీదే.

వేగం మార్చడం తేలికే. యాక్సిలరేటర్ పిడి తిప్పితే కంట్రోలర్‌కి వెళ్లేది ఒకటి నుంచి నాలుగు వోల్టుల లోపు సంకేతం. యంత్రం బోర్డు నుంచి వచ్చే సంకేతాన్ని ఆ స్థాయికి మార్చి కలిపితే చాలు. కానీ ప్రమాదం వస్తే బ్యాటరీనే తెంపేసే స్విచ్చు చేతికందేంత దూరంలో ఉండాలి.

కరెంటు పోయినా...

కర్నూలు, కడప పల్లెల్లో దీని అసలు లాభం ఇదే. చెక్కడం మధ్యలో కరెంటు పోతే మామూలు యంత్రం తానెక్కడుందో మర్చిపోతుంది. పలక పాడైనట్టే. స్పిండిల్‌తోపాటు యంత్రమంతా 24 వోల్టుల బ్యాటరీ మీద నడిస్తే ఆ బెంగ లేదు. 40 ఏహెచ్ బ్యాటరీలో 960 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. యంత్రం మొత్తానికి 350 వాట్లు అనుకుంటే లెక్కకి రెండున్నర గంటలు దాటుతుంది. వాస్తవంలో అందులో సగమే నమ్ముకోవాలి.

ఎండ సంగతీ మరవొద్దు. బండి మీద మోటారుకి ఎదురుగాలి తగులుతుంది. బల్ల మీద తగలదు. వేసవిలో 40 డిగ్రీలు దాటే సీమలో దానికో ఫ్యాను తప్పనిసరి. ఇందులోని కార్బన్ బ్రష్‌ల నిప్పురవ్వలకు రంపపుపొట్టు దూరంగా ఉండాలి.

ఉలికి పోటీ కాదు

2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన ఆళ్లగడ్డ రాతి శిల్పాలకి భౌగోళిక గుర్తింపు ఉంది. బేతంచెర్ల బండలూ కడప బండలూ తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసినవే. ఈ రాళ్ల మీద అక్షరాలు, అంచు నగిషీలు చెక్కడానికి వజ్రపు పొడి అంటించిన బిట్టు, దాని మీద ఆగకుండా పడే నీళ్లు కావాలి. గ్రానైట్ లాంటి రాళ్ల దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కి పూర్తిగా నయంచేసే మందు లేదు. నీళ్లు ఆ దుమ్మును చాలావరకు లేవనివ్వవు. బెల్టు ఉండటం వల్ల మోటారును నీళ్లకి దూరంగానూ పెట్టొచ్చు.

యంత్రం వస్తే శిల్పి చేతికి పని పోతుందా? 250 వాట్లతో విగ్రహం రాదు. పదేపదే చెక్కాల్సిన అక్షరాలు, ఒకేలా ఉండాల్సిన అంచులు మాత్రం వస్తాయి. దాంతో శిల్పికి మిగిలే సమయం, మిగిలే ఊపిరి... విగ్రహం ముఖంలో కళ తేవడానికి ఉపయోగపడితే అంతకన్నా ఏం కావాలి!