విరేచనాలు కట్టినా జింకు ఆపవద్దు

“విరేచనాలు కట్టాయి కదా, జింకు మాత్రలు ఇంకా ఎందుకండీ?” నాంపల్లి సమీపాన ఉన్న నీలోఫర్ పిల్లల ఆసుపత్రిలో చూపించుకొని, అబిడ్స్‌లో నా వద్దకు వచ్చే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

అతిసారంలో నీరు, లవణాలతోపాటు జింకు కూడా దేహాన్ని విడిచిపోతుంది. ప్రేగుల లోపలి పొర తిరిగి ఏర్పడడానికి అది అవసరం. లోపిస్తే విరేచనాలు మరల పట్టుకొనవచ్చును. అందుకే ఓ.ఆర్.ఎస్.తోపాటు 10–14 రోజులు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సూచించాయి. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి.

ఆయుర్వేదంలోని యశద భస్మం జింకుతో తయారైనదే. అయినా మాత్రకు బదులుగా దానిని పసివారికి సొంతంగా ఇవ్వరాదు.

పప్పుధాన్యాలలోని ఫైటేటు జింకును ఒంటబట్టనీయదు. పెసలు మొలకెత్తించినా, ఇడ్లీపిండి పులియబెట్టినా అది తగ్గుతుంది. కోలుకొనే బిడ్డకు మెత్తని ఇడ్లీ పెట్టండి. మాత్రలు చివరిరోజు వరకు వేయండి.