జీపీఎస్‌కు రేచీకటి

జీపీఎస్‌కు రేచీకటి ఉందంటే నవ్వుతారేమో. పగలూ రాత్రీ, ఎండా వానా తేడా లేకుండా పనిచేస్తుందనే కదా దానికి పేరు. మబ్బు పట్టినా, జడివాన కురిసినా ఆ సంకేతం పెద్దగా చలించదు, నిజమే. దాన్ని ఇబ్బంది పెట్టేది మబ్బులకు ఎన్నో రెట్లు పైన ఉంది. అది లండన్ మీద ఉన్నంత బుద్ధిగా తిరువనంతపురం మీద ఉండదు. సూర్యుడు మంచి ఊపుమీదున్న ఏడాది, మార్చి నెలాఖరు రాత్రి ఎనిమిదికీ పదకొండుకీ నడుమ దక్షిణ భారతంలో ఎక్కడైనా ఒక నాణ్యమైన రిసీవర్‌ను ఆరుబయట పెట్టండి. కొన్ని రాత్రులు ఉపగ్రహాలు ఒక్కొక్కటే చేజారుతూ, మళ్లీ దొరుకుతూ కనిపిస్తాయి. లోపం రిసీవర్‌లో లేదు. ఉపగ్రహంలోనూ లేదు.

ముందే ఒక మాట. క్యాబ్ డ్రైవర్ మీ వెనక సందులోకి వెళ్లి ‘ఎక్కడున్నారు సార్’ అని ఫోన్ చేస్తే పాపం ఆకాశాన్ని తిట్టకండి. అమీర్‌పేటలాంటి చోట భవనాలకు తగిలి తిరిగొచ్చే సంకేతాలే అసలు దోషులు. పది మీటర్లు అటూఇటూ అయితే మనకు పోయేదేమీ లేదు. ఇబ్బందల్లా మబ్బులో రన్‌వే వెతుక్కునే విమానానికి, సెంటీమీటర్ల లెక్కన హద్దులు తేల్చే సర్వేయరుకు, లంగరు వేయకుండా సముద్రంలో ఒకేచోట నిలబడి చమురుబావి తవ్వే నౌకకు.

మధ్యాహ్నపు ఫౌంటెన్

భూమికి సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలు గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంటాయి. ఆ పొర పేరు అయనావరణం. 20,200 కిలోమీటర్ల పైనుంచి వచ్చే జీపీఎస్ సంకేతం దీన్ని దాటుకునే రావాలి. ఎలక్ట్రాన్లు ఎన్ని ఎదురైతే సంకేతానికి అంత ఆలస్యం. రిసీవర్ దూరాన్ని కొలిచేదే కాలంతో కాబట్టి, ఆలస్యమైన ప్రతి సంకేతం ఉపగ్రహాన్ని ఉన్నదానికంటే దూరంగా చూపిస్తుంది. చదరపు మీటరు అడ్డుకోతతో నిలువునా ఒక స్తంభాన్ని ఊహించుకుంటే, అందులోని ప్రతి వంద కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లకూ జీపీఎస్ ప్రధాన పౌనఃపున్యమైన 1575.42 మెగాహెర్ట్జ్ (ఎల్1) మీద 16 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. శాస్త్రవేత్తలు ఆ ఎలక్ట్రాన్ల మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న ఏళ్లలో మన దేశం మీద ఇలాంటివి వంద యూనిట్లు దాటే మధ్యాహ్నాలుంటాయి. అంటే నడినెత్తిన ఉన్న ఉపగ్రహం దూరంలోనే 16 మీటర్ల తేడా. దిక్కుల అంచున ఉన్న ఉపగ్రహమైతే సంకేతం ఏటవాలుగా రావాలి కనుక సుమారు మూడు రెట్లు.

ఇంత ఎక్కువ మన మీదే ఎందుకు? కేరళ తీరంలో తుంబా ఊరిని అడగాలి. 1963 నవంబరు 21న మన తొలి రాకెట్ ప్రయోగం అక్కడి నుంచి జరగడానికి కారణం, అయస్కాంత భూమధ్యరేఖ దాదాపు ఆ ఊరి మీదుగా పోవడమే. ఆ రేఖ మీద భూమి అయస్కాంత బలరేఖలు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటాయి. పగటిపూట అక్కడ పుట్టే తూర్పుదిశ విద్యుత్ క్షేత్రం ఈ బలరేఖలతో కలిసి ఎలక్ట్రాన్ల ముద్దను నిలువుగా పైకి తోస్తుంది. పైకెక్కిన ఎలక్ట్రాన్లు బలరేఖల వాలు పట్టుకుని ఉత్తరానికీ దక్షిణానికీ జారి, సుమారు 15 డిగ్రీల అయస్కాంత అక్షాంశాల దగ్గర పోగుపడతాయి. నడిరేఖ మీద లోయ, అటూ ఇటూ రెండు శిఖరాలు. ఉత్తర శిఖరం మన అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల చాయల్లో ఉంటుంది. తెలుగు నేలంతా ఆ లోయ నుంచి శిఖరానికి ఎక్కే వాలు కింద ఉంది. వాలు మీద ప్రతి వంద కిలోమీటర్లకూ ఎలక్ట్రాన్ల లెక్క మారిపోతుంది. ఒకచోట సరిచేసిన తప్పు పక్క జిల్లాకు పనికిరాకపోవచ్చు.

నూనె మీద నీళ్లు

పగటి ఆలస్యానికి మందుంది. ఆలస్యం పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక, ఒకే ఉపగ్రహం నుంచి రెండు పౌనఃపున్యాలు అందుకుంటే తప్పును రిసీవరే లెక్కగట్టి దాదాపుగా తీసేస్తుంది. సాయంత్రానికి వచ్చే జబ్బుకు అలాంటి మందు లేదు.

పొద్దుగూకగానే అయనావరణం అడుగు భాగంలోని ఎలక్ట్రాన్లు తిరిగి అయాన్లతో కలిసిపోయి పలచబడతాయి. అదే సమయంలో పై భాగం ఇంకొంచెం పైకి ఎగదన్నుకుంటుంది. బరువైనది పైన, తేలికైనది కింద. నూనె మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది: పలచని భాగం బుడగలై పైకి పొడుచుకొస్తుంది. ఈ ప్లాస్మా బుడగలు వెయ్యి కిలోమీటర్ల ఎత్తు దాటగలవు. బలరేఖల వెంట రెండు అర్ధగోళాల్లోకీ సాగి, సెకనుకు వంద మీటర్లకు పైగా వేగంతో తూర్పుకు కదిలిపోతాయి. వాటి గోడల నిండా చిన్నాపెద్దా అలజడులే. జీపీఎస్ సంకేతాన్ని ముఖ్యంగా చెదరగొట్టేవి కొన్ని వందల మీటర్ల పరిమాణంలో ఉంటాయి. వాటి గుండా వచ్చిన సంకేతం మిణుకుమిణుకుమంటుంది. దీన్నే సింటిలేషన్ అంటారు. బలం క్షణాల్లో వందో వంతుకు పడిపోవచ్చు. అసలే నేలకు చేరేసరికి ఒక వాట్‌లో సుమారు పదివేల లక్షల కోట్ల భాగాల్లో ఒకటిగా మిగిలే సంకేతమది. ఆ పాటిదీ పోతే రిసీవర్ పట్టు వదిలేస్తుంది. రెండో పౌనఃపున్యం ఇక్కడ ఆదుకోదు, తక్కువ పౌనఃపున్యానికి దెబ్బ ఇంకా ఎక్కువ.

ఈ అలజడిని 1938లోనే పెరూలోని హువాంకాయో నుంచి బుకర్, వెల్స్ రేడియో తరంగాలతో గుర్తించారు. మనకైతే అంత దూరం పోనక్కర్లేదు. తిరుపతికి దగ్గర్లో గాదంకిలో 1,024 యాంటెనాలు పరుచుకున్న 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉంది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలది. వర్షాకాలపు గాలులను కొలిచే ఆ రాడారే రాత్రిళ్లు బుడగలు పొగలా పైకి లేవడాన్ని గంటలకొద్దీ చిత్రిస్తుంది.

బుడగలకు రుతువులూ ఉన్నాయి. సూర్యాస్తమయ రేఖ అయస్కాంత బలరేఖతో ఒకే వరసలోకి వచ్చినప్పుడు బుడగలు జోరుగా పుడతాయి. మన దగ్గర బలరేఖలు దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి కాబట్టి అది ఉగాది, దసరాల చుట్టుపక్కల, పగలూ రాత్రీ సమానమయ్యే నెలల్లో జరుగుతుంది. బ్రెజిల్‌లో అవి బాగా పక్కకు వాలి ఉండటంతో డిసెంబరు చుట్టూ జరుగుతుంది. అక్కడి తీరంలో తవ్వే చమురు నౌకలకు ఈ క్యాలెండర్ కంఠతా ఉండాల్సిందే.

బుడగ చేసే హాని జీపీఎస్‌తో ఆగదు. 2002 మార్చి 4న అఫ్గానిస్తాన్‌లోని తాకుర్ ఘర్ కొండ మీద దిగబోతున్న అమెరికా హెలికాప్టర్‌కు ‘అక్కడ దిగొద్దు’ అన్న ఉపగ్రహ రేడియో హెచ్చరిక అందలేదు. ఆ పోరులో ఏడుగురు అమెరికన్లు చనిపోయారు. ఆ సమయంలో అక్కడి ఆకాశంలో ప్లాస్మా బుడగ ఉందని, రేడియో మూగబోవడంలో దానికీ పాత్ర ఉండొచ్చని జాన్స్ హాప్కిన్స్ అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాల పరిశోధకులు 2014లో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా ప్రతిపాదించారు. కొండలు అడ్డం రావడమూ కారణం కావచ్చు. మార్చి నెల అన్నది మాత్రం గమనించాలి.

అరువు కొలతలు సరిపోలేదు

విమానాలకు జీపీఎస్ తప్పులను సరిదిద్ది చెప్పే వ్యవస్థను అమెరికా 2003లో ప్రారంభించింది. అయనావరణాన్ని 350 కిలోమీటర్ల ఎత్తులో ఒక పలచని పొరగా ఊహించి, ఐదేసి డిగ్రీల గళ్లుగా విభజించి, గడిమూలలకు సవరణలు ఇవ్వడం దాని పద్ధతి. వాళ్ల ఆకాశానికి అది చక్కగా నప్పింది. మన దగ్గర అదే గడిలో ఒక మూల లోయ, ఇంకో మూల శిఖరం.

అందుకే ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి అలాంటి మన వ్యవస్థ ‘గగన్’ను తలపెట్టినప్పుడు ముందు మన ఆకాశాన్ని కొలవాల్సి వచ్చింది. దేశమంతటా 18 చోట్ల రిసీవర్లు పెట్టి ఏళ్ల తరబడి ఎలక్ట్రాన్లను లెక్కించారు. ఆ కొలతలను విశ్లేషించిన వారిలో విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం ఉంది. ఉపగ్రహం దిక్కుల అంచుకు 50 డిగ్రీల కంటే ఎత్తులో ఉంటేనే 350 కిలోమీటర్ల ఊహ మన దగ్గర నిలబడుతుందని వాళ్లు 2006లో చూపారు. చివరికి గగన్ ఒకే పొరను వదిలి, పలు పొరల సమాచారాన్ని కలిపే సొంత పద్ధతిని ఎంచుకుంది. 2015 ఏప్రిల్ 21న నిలువు మార్గదర్శనానికి, అంటే దిగే విమానానికి ఎత్తునూ చూపడానికి, ధ్రువీకరణ పొందింది. భూమధ్యరేఖా ప్రాంతంలో ఆ స్థాయి అందుకున్న తొలి వ్యవస్థ అదే. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దాని సాయంతో దిగింది. ఈ విజయగాథలో ఉపగ్రహాల ఫొటోలే మనకు ఎక్కువగా కనిపిస్తాయి. నా మటుకు అసలు ఘనత ఆ ఎలక్ట్రాన్ల లెక్కలదే.

జీపీఎస్‌లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలు ఎల్5 అనే పౌనఃపున్యంతోపాటు 2492.028 మెగాహెర్ట్జ్ ఎస్ బ్యాండ్‌నూ వాడతాయి. దాని మీద ఆలస్యం ఎల్5 మీద ఉన్నదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు, మిణుకూ తక్కువే. ఫోన్లలో మాత్రం దానికి చోటు దొరకలేదు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో మొదలుపెట్టి నావిక్ కూడా అందరూ వాడే ఎల్1ను చేర్చుకుంది. వాడుకలోకి రావాలంటే రాజీ తప్పలేదు.

పొలాల్లో రిసీవర్ బిగించిన రోవర్ కర్ర పట్టుకుని తిరిగే సర్వేయర్లకు ఈ సిద్ధాంతాలతో పనిలేదు. సెంటీమీటర్ల కచ్చితత్వమిచ్చే ‘ఫిక్స్’ వచ్చిందా, ఇంకా తేలని ‘ఫ్లోట్’లోనే ఉండిపోయిందా అన్నదే వాళ్ల లెక్క. సౌర ఉద్ధృతి ఉన్న ఏళ్లలో మధ్యాహ్నం ఫిక్స్ ఆలస్యమైతే పని పొద్దున్నకు జరుపుకుంటే సరి. విమానానికి ఆ వెసులుబాటు లేదు. సౌర ఉద్ధృతి శిఖర దశకు చేరిందని అమెరికా సంస్థలు 2024 అక్టోబరులో ప్రకటించాయి. అది తగ్గేదాకా ఉగాది, దసరా నెలలను జాగ్రత్తగానే చూడాలి.

ఇంతకీ ఈ రాత్రి బుడగ పుడుతుందా అంటే గట్టిగా చెప్పగలిగిన వారు లేరు. ఒకే వారంలో, ఒకేలాంటి సూర్యుడి కింద, సోమవారం పుట్టి మంగళవారం పుట్టకపోవచ్చు. కింది వాతావరణం నుంచి ఎగసే అలలు దీనికి విత్తనం వేస్తాయన్నది బలమైన ఊహ. అందుకే గగన్ జోస్యం చెప్పదు. ఉపగ్రహాల మీద పట్టు సడలిన మరుక్షణం తన తప్పు హద్దును పెంచి చూపిస్తుంది, అది అనుమతించిన పరిమితిని దాటితే నిలువు మార్గదర్శనం ఉపసంహరించుకుంటుంది. నేల మీది నుంచి రేడియోతో రన్‌వే దారి చూపే ఐఎల్ఎస్ ఉన్న పెద్ద విమానాశ్రయంలో పైలట్ దాని మీదకు మారిపోతాడు. అది లేని చిన్న ఊళ్ల కోసమే గగన్‌ను ఎక్కువగా ఉద్దేశించారు. అలాంటి చోట్ల రాత్రి సర్వీసులు వేసే సంస్థలు, టైంటేబుల్ రాసేటప్పుడు ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా ఉన్న గడి దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి.